ఒకే పళ్లెం, మూడు విడతల కాఫీ

మాంసం తినని నాకు ఇథియోపియాలో తిండి ఎలాగా అని బయల్దేరే ముందు నుంచీ టెన్షనే. తీరా ఆదిస్ అబాబాలో దిగాక తెలిసింది, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. హోటల్లో "యెత్సోమ్ బెయాయ్‌నెతు" అని అడిగితే చాలు, పళ్లెం నిండా శాకాహారమే వస్తుంది.

ఒక శుక్రవారం తెలిసినవాళ్లు భోజనానికి పిలిచారు. "ఏడింటికి రండి" అన్నారు. అక్కడివాళ్లు పగటి గంటలను పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు, కాబట్టి ఆ ఏడు అంటే మధ్యాహ్నం ఒంటిగంట. ఎవరు టైమ్ చెప్పినా ఏ లెక్కో అడిగి తెలుసుకోండి.

ముందు చేతుల మీద నీళ్లు పోశారు. తర్వాత అందరి మధ్యా ఒకే పెద్ద పళ్లెం పెట్టారు. అందులో ఇంజెరా పరిచి ఉంది. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, ఒకవైపే కాల్చే మెత్తటి అట్టు అది. పైనంతా కన్నాలు, పులుపు గట్టిగానే తెలుస్తుంది. దాని మీద కుప్పలుగా బెర్బెరె కారం వేసిన ఎర్రటి పప్పు, శనగపిండితో చేసే షిరో, గోమెన్ అనే ఆకుకూర. కుడిచేత్తో ఇంజెరా తుంచి, దాంతోనే కూర పట్టి తీయాలి. మన ముందున్న వైపే తినాలి. వేళ్లు నాకకూడదు.

ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని. ఆరుగురి చేతులు ఒకే పళ్లెంలో పడుతుంటే నా చెయ్యి కదల్లేదు. అంతలో ఇంటి పెద్దావిడ ఒక ముద్ద చుట్టి నా నోటి దగ్గరికి తెచ్చింది. దీన్ని గుర్షా అంటారు. అది ప్రేమతో, గౌరవంతో పెట్టే ముద్ద, వద్దంటే నొచ్చుకుంటారు. నోరు తెరిచాను. ఆవిడ వేలు నా పెదవికి తగలనే లేదు. మా ఇంటి పట్టింపు కన్నా ఆ చేతి శుభ్రమే ఎక్కువనిపించింది. ఒక్కటితో ఆపకూడదంటూ ఇంకొకటి పెట్టింది. నేనూ ఒకటి చుట్టి ఆవిడకు పెట్టాను.

కాఫీకి మాత్రం తీరిక చేసుకుని కూర్చోవాలి. పచ్చి గింజలు కడిగి, మన కళ్ల ముందే వేయిస్తారు. పొగలు కక్కే ఆ పెనాన్ని ఒక్కొక్కరి దగ్గరికీ తెస్తే, పొగను చేత్తో ముఖం వైపు తోసుకుని వాసన చూడాలి. తర్వాత దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. అదే పొడితో మూడు విడతలు: అబోల్, తోనా, బరకా. మూడోది పల్చగా ఉంటుంది, కానీ బరకా అంటే దీవెన. అది తాగకుండా లేవడం బాగుండదు.

నేను మూడూ తాగి, "అమెసెగ్గినాలెహు" (ధన్యవాదాలు) అని దణ్ణం పెట్టాను. ఆవిడ దగ్గరికొచ్చి, భుజానికి భుజం ఆనించి పంపింది.