మెడ మీద గడ్డ మళ్ళీ పెరిగినప్పుడు

మాది గూడూరు దగ్గర పల్లె. చెన్నై మాధవరంలో లారీల లోడింగ్ లెక్కలు రాస్తుంటాను. దగ్గు లేదు. సాయంత్రమైతే జ్వరం, మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. వీధి చివర క్లినిక్‌లో నెల రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, పరీక్ష మాట ఎత్తలేదు. చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో గడ్డలోకి సూది గుచ్చి చీము తీసి చూస్తే టీబీ. టీబీ అని తేలితే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. అదీ ఉంది. రోగాలతో పోరాడే సీడీ4 కణాల లెక్క 64, బాగా తక్కువ. ఆ కాగితం టిఫిన్ బాక్సు కింద దాచుకుని రైలెక్కాను.

ముందు టీబీ మందులు, రెండు వారాలకు హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా వస్తే భయపడ్డాను గానీ అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనట. జ్వరం తగ్గింది, అన్నం సయించింది. ఇంకో మూడు వారాలకు మళ్ళీ జ్వరం, గడ్డ రెండింతలయింది. మందు పడలేదనుకుని రెండు రోజులు మానేశాను.

కౌన్సెలర్ నెల్లూరావిడ. "ఏందన్నా, చెప్పకుండా ఆపేస్తావా?" అని కసిరింది. డాక్టరు తమిళంలో చెప్పింది నాకు విడమరిచింది. మాక్రోఫేజ్ అనే కణం క్రిములను మింగి చంపాలి. టీబీ క్రిమి మాత్రం చావకుండా ఆ కణంలోనే కాపురం పెడుతుంది. కణం కంగారుపడి లోపల ఒక మీట నొక్కుతుంది, దాని పేరు ఎన్‌ఎఫ్ కప్పా బి. హెచ్‌ఐవీ తన నకళ్ళు తీసుకోవడానికి వాడుకునేదీ ఆ మీటనే! అలా టీబీ వల్ల వైరస్ పెరుగుతుంది. వైరస్ సీడీ4 కణాలను తగ్గించేస్తే, టీబీ క్రిముల చుట్టూ ఒళ్ళు కట్టుకున్న గోడ సడలిపోతుంది.

"మరి మందులేసుకున్నాక గడ్డ పెరగడమేంది మేడమ్?"

"ఇన్నాళ్ళూ వాపు తెప్పించే కణాలు బాగా తక్కువన్నా నీకు. ఇప్పుడొస్తున్నాయి, చచ్చిన క్రిములమీదా పడుతున్నాయి."

దీన్ని ఐరిస్ అంటారట. మందులకు లొంగని టీబీ కాదని తేల్చుకుని, కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇచ్చారు. మిగతా మందులు ఒక్కటీ ఆపలేదు.

రిఫాంపిసిన్ వల్ల డొలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందును లివర్ తొందరగా ఖర్చు చేసేస్తుంది. అందుకని ఆ మాత్ర ఒక్కటీ రెండు పూటలా వేసుకోవాలి. ఆరు నెలలకు టీబీ కోర్సు అయిపోయాక కూడా ఇంకో రెండు వారాలు అలాగే వేసుకున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదు. నా భార్యకు నెగెటివ్. ఊళ్ళో అమ్మకు టీబీ అని మాత్రమే చెప్పాను. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఇప్పుడు పొద్దున మాత్ర లేదు గానీ ఆ అలారం ఇంకా తీసెయ్యలేదు.