గోనెసంచిలో కమాన్ పట్టీలు

భూపాలపల్లి నుంచి హన్మకొండకు పోయే బస్సులో కండక్టరు నా గోనెసంచిని కాలితో నెట్టి చూసి, అది ఇసుమంతైనా కదలకపోయేసరికి "గిదేంది సారూ, ఇనుమా?" అని అడిగాడు. ఇనుమే. మా మారుతి ఓమ్నీ వ్యాను వెనక చక్రాల మీది రెండు కమాన్ కట్టలు, అంటే కుదుపులను మింగే ఉక్కు పట్టీల కట్టలు, అందులో ఉన్నాయి. బండి ఇంటి ముందు చెక్క దిమ్మెల మీద నిలబడి ఉండగా, దాని కమాన్లను నేను బస్సులో వరంగల్ ఆటోనగరుకు తీసుకుపోతున్నాను. కండక్టరు సామానుకు వేరే టికెట్టు కొట్టాడు. నా టికెట్టుకు తోడు అది కూడా చేరేసరికి, ఆటో మాట్లాడుకుంటే అడిగే డబ్బు గుర్తు చేసుకుని మనసుకు సర్దిచెప్పుకున్నాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనందువల్ల పల్లె వెలుగు బస్సులో కాలు పెట్టే సందు కూడా ఉండదు. ఆ రద్దీలో ఒక ముసలమ్మ తన కాళ్లు పైకి ముడుచుకుని, "ఇటు జరుపు బిడ్డా, నా సీటు కింద పెట్టు" అన్నది. పరకాల దాకా ఆమె పాదాలు ఆ సంచి మీదే ఉన్నాయి.

ఈ పని నా నెత్తిన పడింది 2024 ఫిబ్రవరి మేడారం జాతరలో. అమ్మ మొక్కు ప్రకారం ఆమె ఎత్తు బంగారం, అంటే ఆమె బరువుకు సరితూగే బెల్లం, వెనక సీటు వెనకాల పెట్టుకుని ఆరుగురం బయలుదేరాం. గుంత వచ్చిన ప్రతిసారీ ఇరుసు పైకి వచ్చి అడుగు రేకును గుద్దేది. చీకటి పడ్డాక, వెనక భాగం కుంగి హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూస్తుండడంతో, ఎదురొచ్చే ప్రతి వాహనమూ మాకు లైటు కొట్టి విసుక్కునేది. నా చిన్నప్పుడు ఇదే జాతరకు ఎడ్లబండిలో పోయేవాళ్లం. ఆ బండికి కమానే ఉండదు. మందంగా పరిచిన వరిగడ్డే దాని కమాను. ఆ గడ్డి మీద నిద్రపోయిన నేను, నా బండిలో మా అమ్మ నడుము పట్టుకుని కూర్చోవడం చూడలేకపోయాను. తిరిగి వచ్చాక విప్పి చూస్తే, ఎడమవైపు రెండో పట్టీ, కట్టను నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం పక్కనే విరిగి ఉంది.

కొత్త కట్టల ధర అడిగి వెనక్కి తగ్గాను. పాత బండ్ల నుంచి తీసిన పట్టీలతో కట్టను బలపరచుకోవడమే నా స్తోమతకు తగిన దారి అనిపించింది. గుడెప్పాడు దాటేదాకా, బొగ్గు లారీలు చితక్కొట్టిన రోడ్డు మీద బస్సు కమాన్లు మూలుగుతుంటే, అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ములుగు రోడ్డులో దిగాక, ఒక హమాలీ సాయం పట్టకపోతే ఆ సంచి ఆటోనగరు లోపలికి చేరేది కాదు.

మొదట అడుగుపెట్టిన దుకాణం నాకు కోపం తెప్పించింది. నల్లరంగు నిగనిగలాడుతున్న రెండు షాకబ్జర్లను చూపించి, "కొత్తలెక్కనే" అని 4,000 చెప్పారు. ఒకదాన్ని నిటారుగా పట్టుకుని నొక్కితే, సగం దాకా ఏ అడ్డూ లేకుండా దిగి, ఆ తరువాతే బిగిసింది. లోపల ఆయిలు తగ్గిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. కారిన నూనె మరకను రంగు కప్పింది. ఆ బండిలో ఎవరి పిల్లలు కూర్చుంటారో అమ్మేవాడు ఒక్కసారైనా ఆలోచించాలి కదా.

రెండు సందుల అవతల కమాన్ పట్టీలు కొట్టే ఒక మిస్త్రీ దగ్గర నా రోజంతా గడిచింది. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. అందరూ చాచా అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. పాత పట్టీల గుట్టలో, మందంగా బలంగా కనిపించిన చిన్న గూడ్సు బండి పట్టీ ఒకటి నేను ఏరుకుంటే, ఆయన స్కేలు పెట్టి చూసి పక్కన పడేశాడు. "గిది నీ బండికి ఎక్కదు బిడ్డా. వెడల్పు ఒక్కతీరు లేకుంటే క్లిప్పు కూసోదు. మందం ఎక్కువైతే ఖాళీ బండి ఎగిరి కొడ్తది." ఆ మాట లెక్కకు కూడా నిలుస్తుంది: పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, ఒక్క మిల్లీమీటరు తేడాను కూడా తేలికగా తీసుకోకూడదు. చివరికి ముందు భాగం నుజ్జయిన మరో ఓమ్నీ నుంచి తీసిన మెయిన్ పట్టీలను ఎంచాడు. ముందు గుద్దుకున్న బండికి వెనక సామాను చెడకుండా ఉండే అవకాశం ఎక్కువట.

ఎంచిన నాలుగు పట్టీలనూ ఆయన పరీక్షించిన తీరును నేను పక్కనే కూర్చుని చూశాను. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, కిరోసిన్ గుడ్డతో తడిపి, కాసేపాగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తరువాత సుద్దముక్క రుద్ది, సుత్తితో మెల్లగా తట్టాడు. మూడు పట్టీల మీద సుద్ద తెల్లగానే ఉంది. నాకు అన్నిటికంటే బాగున్నట్టు కనిపించిన నాలుగోదాని మీద మాత్రం, రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత నల్లటి గీత సుద్దలోకి తడిగా పైకి తేలింది. పగులులో దాగిన కిరోసిన్ బయటికి వచ్చిందన్నమాట. చాచా ఏమీ అనకుండా దాన్ని తుక్కులోకి విసిరేశాడు.

విరిగిన పట్టీ స్థానంలో ఒకటి, రెండు కట్టలకూ అదనంగా ఒక్కొక్కటి పడ్డాయి. వాటి కొసల్లో బోల్టు పట్టే కన్నులను తీసేయాలి, కానీ గ్యాసుతో కోయలేదు. వేడికి ఉక్కు పదును పోతుందని, ఒక కుర్రవాడు నీళ్లు పోస్తుండగా గ్రైండరుతో కోసి, పై పట్టీలోకి గుచ్చుకోకుండా కొసలను గుండ్రం చేయించాడు. వంపును కూడా దాగలి మీద చల్లగానే కొట్టాడు. కట్ట మెయిన్ పట్టీకి కన్ను నుంచి కన్నుకు దారం కట్టి, నడుమ ఎత్తు కొలిచి, ఎడమా కుడీ సమానమయ్యేదాకా మూడుసార్లు విప్పి కొట్టాడు. గిరాకీలు ఇద్దరు వచ్చి నిలబడినా తొందరపడలేదు.

పట్టీ కలిపితే కట్ట బలంగా ఎదురుతన్నుతుంది కాబట్టి, ఆ తన్నును ఆపే షాకబ్జర్లు కూడా గట్టివి కావాలి. అదే ఓమ్నీవి రెండు దొరికాయి. నిటారుగా పట్టి పదిసార్లు నొక్కి లాగితే, రెండు దిక్కులా ఎక్కడా జారకుండా, ఒకే బిగువుతో కదిలాయి. జోడు 900కు వచ్చాయి. పట్టీలకు మొదట కిలో లెక్క చెప్పి, నా అవసరం తెలిశాక పట్టీకి ఇంత అన్న గుట్ట యజమాని మీద మాత్రం కొంత గొణుక్కున్నాను. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, సెంటర్ బోల్టులు, కన్నుల్లో పట్టే రబ్బరు బుష్‌లు కొత్తవే కొన్నాను. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ వాడనివ్వనని చాచా పట్టుబట్టాడు. కూలితో కలిపి 3,500 లోపే అయింది. బండి వివరాలు రిజిస్ట్రేషన్ పత్రానికి భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు కాబట్టి, అదే మోడలు సామానుతో పని ముగియడం నాకు నిశ్చింతగా ఉంది. పట్టీ పెరిగినంత మాత్రాన బండి మోయదగిన బరువు పెరగదని కూడా నాకు తెలుసు. వచ్చే జాతరకు బెల్లం వేరే బండిలో పోతుంది.

తిరుగు ప్రయాణం గురించి గుర్తున్నది సంచి మరింత బరువెక్కడం, కండక్టరు మళ్లీ టికెట్టు కొట్టడం.

నేను వచ్చేటప్పుడు చాచా, కమాన్ కొసలను బండికి పట్టి ఉంచే షాకిల్ బోల్టుల గురించి చెప్పిన మాట ఒకటి ఉంది: "బండి గాల్లో ఉన్నప్పుడు షాకిల్ బోల్టులు బిగియ్యకు. చక్రాల మీద బరువు పడినంకనే బిగియ్యి, లేకుంటే బుష్ మెలిపడి నెలకే చినుగుతది." మరునాడు పొద్దున దిమ్మెలు తీసి, అమ్మనూ నాన్ననూ వెనక సీట్లో కూర్చోబెట్టి, కింద పడుకుని బిగించాను. చక్రం పైన అంతకుముందు రెండు వేళ్లే పట్టిన సందులో ఇప్పుడు అరచేయి పడుతోంది. హెడ్‌లైట్లను గోడ మీద గీత గీసి సరిచేశాను. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం గట్టిగా తగులుతోంది, అది తప్పదు. రేగొండ దాకా పోయి వచ్చాక అమ్మ నడుము మీద చేయి వేయకుండానే దిగింది.

మూడువందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ పట్టి చూడమన్నాడు చాచా. చూశాను. కుడివైపువి కదలలేదు, ఎడమవైపు ముందు బోల్టు నట్టు మాత్రం పావు చుట్టు తిరిగింది.