గిరిప్రదక్షిణలో తుమ్మెదల కథ

ఆషాఢ పున్నమికి ముందురోజు మధ్యాహ్నం కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడివివరం వైపు నడక మొదలుపెట్టాం. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అక్క, బావ, చిన్నాన్న, నేను. నేను ఆ కొండ మీది స్వామిని, అప్పన్నను నమ్ముతాను. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఈ రోజుల్లో ఒక కథ గురించి ఆధారం అడిగితే చాలు, దేవుడినే కాదన్నట్టు చూస్తున్నారు.

ముడసర్లోవ దాటుతుండగా బావ తుమ్మెదల కథ ఎత్తుకున్నాడు. గుడి మీదికి ముస్లిం సేనలు వస్తే గోగులపాటి కూర్మనాథకవి స్వామి ముందు నిలబడి శతకం చెప్పాడని, కొండలోంచి తుమ్మెదలు గుంపుగా లేచి ఆ దండును తరిమి తరిమి కుట్టాయని. మా నాయనమ్మ చెప్పగా చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆవిడ చెప్పినప్పుడు అందులో ఒక కవి, ఆయన మొర ఆలకించిన దేవుడు ఉండేవారు. బావ చెబుతుంటే ఇద్దరూ పక్కకు పోయారు, శత్రువు ఒక్కడే మిగిలాడు. కథ అయ్యేసరికి ఈసారి ఓటు ఎవరికి వెయ్యాలి, ఏ కొట్లో సరుకులు కొనకూడదు అనే దగ్గరకు వచ్చేశాడు.

"ఇది నిజంగా జరిగిందనడానికి ఆధారం ఏముంది బావా?" అన్నాను.

"అయితే నువ్వూ వాళ్ల వైపేనన్నమాట" అన్నాడు.

నా ప్రశ్న తుమ్మెదల గురించి. ఆయన జవాబు నా ఓటు గురించి. నాకు బాధ కలిగింది అక్కడే.

ఆ గుడి గోడల నిండా శాసనాలున్నాయి. కులోత్తుంగ చోళుడి కాలం నుంచి, అంటే పదకొండో శతాబ్దం చివరి నుంచి, ఎవరు ఏం ఇచ్చారో రాతి మీద ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించుకున్నాడు. అప్పుడాయన వచ్చింది కళింగ మీద దండయాత్రలో. అవతల ఉన్నది ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి, ఆయనా విష్ణుభక్తుడే. గజపతులూ ఈ స్వామికి కానుకలిచ్చినవాళ్లే. ఇద్దరూ ఒకే దేవుడికి దణ్ణం పెట్టి ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. ఆ దండు మీదికి తుమ్మెదలు లేచాయని మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఏ దండును తరిమిన మహిమను గుర్తుపెట్టుకోవాలో కూడా మన రాజకీయమే తేలుస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

హనుమంతవాక దగ్గర ఎవరో పులిహోర పొట్లాలు పంచుతున్నారు. కాసేపు కూర్చుని తిన్నాం. అప్పూఘర్ చేరేసరికి చీకటిపడింది. సముద్రంలో మూడు మునకలేసి వచ్చి చిన్నాన్న అందుకున్నాడు. ఆయనది అవతలి పార్టీ. "అవన్నీ ఓట్ల కోసం అల్లిన కథలురా" అని కొట్టిపారేశాడు. కూర్మనాథకవి పద్దెనిమిదో శతాబ్దం వాడు. అప్పుడు ఓట్లెక్కడివి? కథను ఇప్పుడు వాడుకుంటున్నారు అనడం వేరు, ఓట్ల కోసమే పుట్టించారు అనడం వేరు. చిన్నాన్నా పరిశీలించి అనలేదు. తన పార్టీకి పడని కథ కాబట్టి అన్నాడు.

ఇసుకతోట దగ్గర వాన అందుకుంది. "చూశారా, మా నాయకుడు కుర్చీలో ఉంటేనే వానలు" అన్నాడు చిన్నాన్న. అలా అంటూ ఆయన నవ్వలేదు కూడా. నిజంగానే నమ్ముతాడు. అప్పుడు బావ ఊరుకుంటాడా? వాతావరణ శాఖ లెక్కలు చూశావా, నైరుతి రుతుపవనాలకి మీ నాయకుడితో పనేంటి అని వరసపెట్టి అడిగాడు. మంచి ప్రశ్నలు, ఒక్కటీ తప్పు కాదు. అలా అడగడం ఆయనకు వచ్చు. తనవాళ్ల మహిమల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నలే ద్రోహం అయిపోతాయి.

మాధవధార దగ్గర అరికాళ్లు బొబ్బలెక్కి అక్క కూలబడింది. బ్యాండేజీలు వేస్తున్న కుర్రాళ్లు దూది తడిపి ఇసుక తుడుస్తుంటే నాకు ఆ గోడ గుర్తొచ్చింది. 2025 ఏప్రిల్ 30, చందనోత్సవం. చందనం పూత తీసిన స్వామి నిజరూప దర్శనానికి 300 రూపాయల టికెట్ క్యూలో నిలబడ్డ భక్తుల మీద, తెల్లవారకముందే, వానకి కొత్త గోడ కూలి ఏడుగురు చనిపోయారు. ఆ రోజే మా ఫ్యామిలీ గ్రూపులో మొదలైంది. ఫలానావాళ్లు పాలిస్తున్నారు కాబట్టి స్వామి ఆగ్రహించాడని ఒకరు, అంతకుముందువాళ్ల పాపం ఇప్పుడు పండిందని ఇంకొకరు. పునాది ఎంత లోతు తీశారు, వాన నీరు పోవడానికి గోడకి దారి వదిలారా అని అడిగినవాళ్లు లేరు. పోయినవాళ్లు కూడా మాలాగే స్వామిని చూడ్డానికి వచ్చినవాళ్లు. వాళ్ల చావుని మహిమ ఖాతాలో రాసేస్తే జవాబు చెప్పాల్సినవాళ్లంతా తప్పించుకుంటారు. ఇది నేను సహించలేను.

ఆ గ్రూపులో బావ కూడా పంపిన అలాంటి మెసేజీ నాకింకా గుర్తుంది. గోపాలపట్నం దారిలో ఆ మాటే ఎత్తాను. "కూర్మనాథకవి ఆ శతకంలో స్వామిని పొగుడుతూ కూర్చోలేదు బావా. గుడి మీదికి వస్తుంటే నువ్వేం చేస్తున్నావని దేవుడినే నిలదీశాడు. మనం గోడ కట్టినవాళ్లని కూడా అడగలేకపోయాం."

"ఆయన భక్తుడు. ఆయనకి చెల్లింది."

"నేనూ ఆ స్వామి కోసమే కదా నడుస్తున్నాను."

బావ ఒప్పుకోలేదు. తుమ్మెదల కథ నిజమేనని మళ్లీ అన్నాడు. ఆ గోడ మెసేజీ మాత్రం పంపకుండా ఉండాల్సింది అన్నాడు.