1.35 జీబీ మ్యాపు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టలేదు

మూడు రాత్రులు పోయాయి. ఇవాళ తెల్లవారుజామున గుట్టు దొరికింది, ఆ ఊపులోనే రాస్తున్నాను.

దేవరకొండ దాటి చందంపేట వైపు బండి మీద వెళ్తే నా ఫోన్‌లో సిగ్నల్ నిలవదు. నెట్ లేకున్నా తెరుచుకునే మ్యాపు కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు) డేటాతో, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నల్గొండ జిల్లా టైల్స్ తీశాను. టైల్స్ అంటే మ్యాపును ముక్కలు చేసిన చిన్న చదరపు బొమ్మలు. జూమ్ 18 దాకా, అంటే వీధులు విడిగా కనిపించేంత దగ్గరి దాకా, శుభ్రంగా వచ్చాయి. మొత్తం 5,21,000 ఫైళ్లు, 1.35 జీబీ.

కాపీ పెడితే 64 జీబీ పెన్‌డ్రైవ్ నిండిపోయిందంటుంది! నకిలీ సరుకేమో అని, డ్రైవ్ అసలు సామర్థ్యాన్ని పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రామ్ నడిపాను (ఏ పెన్‌డ్రైవ్ కొన్నా ముందు ఇది నడపాల్సిందే). ఒక్క తప్పు రాలేదు. పాత కాపీ చెత్త మిగిలిందేమో అని మళ్లీ ఫార్మాట్ చేశాను. మళ్లీ ఆగింది, అదీ సరిగ్గా అదే చోట, 4,86,400 ఫైళ్ల దగ్గర. చెడిపోయిన డ్రైవ్ అయితే ప్రతిసారీ ఒకే లెక్క దగ్గర ఎందుకు ఆగుతుంది?

అప్పుడు ఒక్క టైల్ పట్టుకుని చూశాను. నాగార్జునసాగర్ నీళ్ల నడిమిది, అంతా నీలమే, 103 బైట్లు. ల్యాప్‌టాప్‌లో దాని ప్రాపర్టీస్ తెరిస్తే డిస్క్ మీద సైజు సున్నా. ల్యాప్‌టాప్ డిస్క్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అంత చిన్న ఫైలును తన ఫైళ్ల పట్టికలోనే పెట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో అదే ఫైలుకు 1,31,072 బైట్లు!

32 జీబీ దాటిన డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ (పెన్‌డ్రైవ్‌లకు వాడే ఫార్మాట్)లో ఫార్మాట్ చేస్తే విండోస్ క్లస్టర్ సైజు, అంటే డ్రైవ్‌లో చోటు పంచే ఒక్కో గది సైజు, 128 కేబీ (1,31,072 బైట్లు) పెడుతుంది. ఫైలు ఎంత చిన్నదైనా ఒక క్లస్టర్ మొత్తం దానికే పోతుంది. 6,400 కోట్ల బైట్లను 1,31,072తో భాగిస్తే 4,88,281. తేడా వచ్చిన దాదాపు 1,900లో ఎక్కువ భాగం ఫోల్డర్లు తిన్నవే, ఒక్కో ఫోల్డర్‌కు కూడా ఒక క్లస్టర్ కావాలి కదా.

అలకేషన్ యూనిట్ (ఫార్మాట్ కిటికీలో క్లస్టర్ సైజుకు ఉన్న పేరు) 4096 బైట్లు పెట్టి ఫార్మాట్ చేస్తే అంతా 2.6 జీబీలో సర్దుకుంది.

128 కేబీని తప్పుపట్టను. సినిమాలు, పెళ్లి ఫొటోలు దాచుకునేవాళ్లకు అదే మంచిది, 5 ఎంబీ ఫొటోలో ఆ చివరి ముక్క వృథా ఒక లెక్క కాదు. లక్షల చిన్న ఫైళ్లున్నవాళ్లు మాత్రం ఫార్మాట్ కొట్టేముందు ఆ అలకేషన్ యూనిట్ గడి చూసుకోవాలి.

కాపీ మాత్రం ఇప్పటికీ గంటలు పడుతోంది. అందుకే ఇక టైల్స్ దాచే ఎంబీటైల్స్ అనే ఫార్మాట్‌కు మారతాను. అన్ని టైల్స్ ఒకే ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైలులో ఉంటాయి, సాగర్ నీలం టైల్‌ను ఒక్కసారే దాచి వేలసార్లు చూపించొచ్చు. ఆదివారం కొల్లాపూర్, సోమశిల వైపు డేటా మొదలుపెడుతున్నాను.