గ్రాఫిక్స్ కార్డు తప్ప అన్నీ బిగించేశాను

పీసీ ఆన్ అయింది. గ్రాఫిక్స్ కార్డు ఇంకా కొనలేదు. నేను కొన్న రైజెన్ 5 7600 ప్రాసెసర్‌లోనే చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి, ప్రస్తుతానికి మానిటర్‌ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి కలిపాను. అది లేని 7500ఎఫ్ తీసుకునుంటే కార్డు కొనేదాకా తెరమీద బొమ్మే రాదు.

నెల్లూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నీ పార్టుల లిస్ట్ పంపించు, నేనూ అవే తెచ్చుకుంటా."

"ముందు దాంతో ఏం పని చేస్తావో రాసి పంపరా" అన్నాను. వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. నేను కోడ్ రాసుకుంటాను. వాడికి కార్డు ముందు కావాలి, ఫుటేజీకి చోటు కావాలి. నా లిస్టుతో వాడి డబ్బు దండగ. చదివే ఓపిక లేనివాళ్లు రెడీమేడ్ కొనుక్కోవచ్చు, అందులో తప్పేం లేదు. సొంతంగా కట్టుకుంటామంటే మాత్రం కొన్ని సాయంత్రాలు దీనికి ఇవ్వాల్సిందే. బిగించడం సులువు, ఏది దేనికి సరిపోతుందో తేల్చుకోవడమే అసలు పని. నా ప్రాసెసర్‌కి సరిపోయే ఏఎమ్5 బోర్డులో పాత రకం డీడీఆర్4 ర్యామ్ పట్టదు, స్టిక్కు మీది గాడి వేరేచోట ఉంటుంది. ఇలాంటివి చెన్నైలో కంప్యూటర్ పార్టులమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లకముందే తెలిసుండాలి.

షాపాయన అక్కడే బిగించిస్తానన్నాడు. మంచి మనిషి, కానీ వద్దన్నాను. ఈ ప్రాసెసర్‌కి పిన్నులుండవు, అవి బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయి. ఫోన్ టార్చి వేసి ఒకసారి చూసుకుని, మూల మీది త్రికోణం గుర్తు కలిపి మెల్లగా దించాను. లీవర్ నొక్కేటప్పుడు బాగా గట్టిగా ఉంటుంది, అది మామూలే. ర్యామ్ రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాను. మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంది.

మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు కొత్త ర్యామ్‌తో సర్దుకోవడం, జరుగుతుందన్నమాట, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ముందే చదివాను కాబట్టి టెన్షన్ లేకుండా కూర్చున్నాను. తెలియనివాళ్లు పాడైందనుకుని ప్లగ్ పీకేస్తారు. బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల తెరలో, ర్యామ్ వేగం 4800 దగ్గర ఉంది, ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేశాక 6000కి వచ్చింది. డబ్బు పెట్టి కొన్న వేగం ఈ ఒక్క సెట్టింగ్ వెనక ఉండిపోతుంది.

ఇక కార్డు. క్యాబినెట్ స్పెక్‌లో 330 మిల్లీమీటర్ల పొడవు కార్డు దాకా పడుతుందని రాసుంది. మే నెల అగ్ని నక్షత్రం ఎండలకి ముందువైపు ఫ్యాన్లు తీసే ప్రసక్తే లేదు, వాటి మందం 25. టేపు పెట్టి చూస్తే 305 మిగిలింది. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని అంతకన్నా పొడుగుంటాయి, కాబట్టి రెండు ఫ్యాన్లవే చూస్తున్నాను.