మిర్యాలగూడ తౌడు తిన్న స్విచ్: నాలుగు ఆదివారాల లెక్క

మా బావ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. అక్కడ కెమెరాలూ కంప్యూటర్లూ కొత్తవి బిగించి పాతవి తూకానికి అమ్మబోతుంటే, మూడు నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్లనూ కెమెరాలనూ తీగలతో ఒకదానికొకటి కలిపే డబ్బాలు) పక్కకు తీసి నల్లగొండకు బస్సులో మోసుకొచ్చాడు. "మూడూ సచ్చినయే బావా, నీకైతే పన్కొస్తయని తెచ్చిన" అని వాకిట్లో దించి చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మూడింటికీ సుద్దముక్కతో నంబర్లు వేశాను. ఒకటి, రెండు నంబర్లు 24 పోర్టుల (తీగలు గుచ్చే రంధ్రాల) సిస్కో క్యాటలిస్ట్ 2960లు. మూడోది ఎనిమిది పోర్టుల చిన్న డబ్బా.

మూడో దాని పని పది నిమిషాల్లో అయిపోయింది. పాడైంది అడాప్టరే. లేబుల్ మీది వోల్టులు, పిన్ గుర్తులో ప్లస్ లోపలుందా బయటుందా చూసి ఇంట్లో ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టాను, లేచి కూర్చుంది.

మొదటి ఆదివారం

రెండో నంబరు మూత తీశాను. లోపల తౌడు. నూనె జిడ్డుతో ముద్దకట్టి ఫ్యాన్ రెక్కలను పట్టేసింది. పెయింట్ బ్రష్‌తో దులిపి, ఫ్యాన్ వెనక స్టిక్కర్ లేపి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాను. తిరిగింది.

కరెంటు ఇస్తే సిస్ట్ (సిస్టమ్) దీపం పచ్చగా మిణుకుమంటూ ఉండి కాసేపటికి నిలకడగా వెలిగింది. సొంత పరీక్ష పాసైందని దానర్థం. పరీక్షలో ఏదైనా తప్పితే ఆ దీపం కాషాయ రంగులోకి మారుతుంది. మరి దీన్ని చచ్చిందని ఎందుకన్నారో! కేబుల్ పెట్టి చూస్తే అర్థమైంది. పోర్టు దీపం మొదట కాషాయంలో ఉంటుంది, సుమారు 30 సెకన్ల దాకా డేటా పోనివ్వదు. అది జబ్బు కాదు, స్పానింగ్ ట్రీ. కేబుళ్లు గుండ్రంగా తిరిగి లూప్ అయ్యాయేమోనని 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే దారి వదులుతుంది. మిల్లులో ఎవరికో ఆ అర నిమిషం ఓపిక లేక ఉంటుంది. బతికున్నదాన్ని తూకానికి పంపుతుండిరి.

ఒకటో నంబరు మాత్రం నిజంగానే రోగిష్టి. ప్లగ్గు పెడితే టిక్... టిక్... టిక్ అని ఎక్కిళ్లు. ప్రతి ఎక్కిలికీ దీపాలు ఒకసారి మెరిసి ఆరిపోతున్నాయి.

నేను ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ తీసి కన్సోల్ కేబుల్ (స్విచ్‌తో నేరుగా మాట్లాడే తీగ) పెట్టబోయాను. మా నాయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసిన మనిషి. మంచం మీద నుంచే, "ముందుగాల కరెంటు సక్కగొస్తుందా సూడరా, గా డబ్బా ఎందుకు?" అన్నాడు. ఆయన సిరీస్ బల్బు బోర్డు తెచ్చి స్విచ్‌ను దాని ద్వారా పెట్టాను. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటుంది. ఇది ఒక్క క్షణం వెలిగి మసకబారింది, మళ్లీ కొంచెం వెలిగింది, మళ్లీ మసక. షార్ట్ లేదు. లోపలి పవర్ సప్లయ్ లేవడానికి ప్రయత్నించి కూలబడుతోంది.

రెండో ఆదివారం

సప్లయ్ బోర్డు విప్పేముందు ఒక మాట. 230 వోల్టుల కరెంటు లోపలికొచ్చి డీసీగా మారితే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలబడుతుంది. ప్లగ్గు పీకేసినా వెంటనే పోదు. హోల్డర్‌లో పెట్టిన 60 వాట్ల బల్బు వైర్లు రెండూ ఆ కెపాసిటర్ కాళ్లకు ఆనించి ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులున్నారు, నేను కాను.

తప్పు సప్లయ్‌దా బోర్డుదా తేల్చాలి కదా. సప్లయ్ కనెక్టర్ ఊడదీసి, టేబుల్ మీది 12 వోల్టుల సప్లయ్ నుంచి మెయిన్ బోర్డుకు నేరుగా ఇచ్చాను. ఎక్కిళ్లు లేవు, ఫ్యాన్ తిరిగింది. అంటే దాని సొంత సప్లయే దోషి.

మల్టీమీటర్ ఇక్కడ నన్ను కాసేపు మోసం చేసింది. సప్లయ్‌ను విడిగా పెట్టి కొలిస్తే 12.1 చూపించింది. లోడు లేనప్పుడు అంతా మంచివాళ్లే. కెపాసిటర్లు కూడా ఉబ్బలేదు, పైకి కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్కొక్కటీ పీకి కాంపోనెంట్ టెస్టర్‌లో పెడితే బండారం బయటపడింది: మీద 1000 మైక్రోఫారడ్ అని ఉన్నది 310 చూపించింది, ఈఎస్ఆర్, అంటే దాని లోపలి నిరోధం, రెండున్నర ఓములు దాటింది. మంచి సరుకైతే అది ఓములో పదో వంతు కూడా ఉండకూడదు. లోపలి ద్రవం ఎండిపోయింది. దీనికి తయారుచేసినవాళ్లను అనలేం, మిల్లు వేడిలో ఏళ్ల తరబడి ఉడికితే ఏదైనా అంతే.

మూడో ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీ. లో ఈఎస్ఆర్, 105 డిగ్రీల రకమే కావాలని రెండుసార్లు చెప్పాలి, లేకపోతే 85 డిగ్రీల మామూలువి చేతిలో పెడతారు. 16 వోల్టులవి దొరక్క 25 వోల్టులవి తెచ్చాను. వోల్టులు ఎక్కువైతే నష్టం లేదు, కానీ ఇంటికొచ్చి బిగించాక మూత పడలేదు! ఎత్తు గురించి ఆలోచించనే లేదు. మళ్లీ పీకి, కాళ్లకు స్లీవ్ తొడిగి పడుకోబెట్టి అంటించాను.

సిరీస్ బల్బు ఒక్కసారి మెరిసి మసకబారి అలాగే ఉండిపోయింది. ఎక్కిళ్లు పోయాయి. నాయిన తలూపాడు. నేను కన్సోల్ తెరిచాను. తెర నిండా పిచ్చి గీతలు. బోర్డు పోయిందనుకుని గుండె జారింది. తీరా చూస్తే కిందటి వారం రౌటర్ కోసం పెట్టిన 115200 వేగం అలాగే ఉంది. దీనికి 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు. సరిచేస్తే అక్షరాలు వచ్చాయి. సిస్టమ్ ఫైల్ ఎక్కించలేకపోయానని చెప్పి, 'స్విచ్' అన్న మాట, పక్కన రెండు చుక్కలు పెట్టి ఆగింది. అంటే బూట్ లోడర్ (మొదట లేచి అసలు సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) బతికే ఉంది, అసలు సాఫ్ట్‌వేర్ లేదు.

బావకు ఫోన్ చేశాను.

"అవునే బావా, పోయినేడు పిలగాడొకడు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే నడిమిట్ల బందైంది. గప్పటిసంది లేస్తలేదు."

కరెంటు పోయి ఉండదు, ఈ సప్లయే మధ్యలో కూలబడి ఉంటుంది. మొదటి రోగమే రెండో రోగాన్ని కన్నది. బూట్ లోడర్‌లో ఫ్లాష్‌ను (ఫైళ్లు దాచే మెమరీని) లేపే ఆదేశం ఇచ్చి లిస్టు చూస్తే, సగంలో తెగిన బిన్ ఫైలు, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఫైలే, కనిపించింది. తీసేశాను.

నాలుగో ఆదివారం

మంచి ఫైలు ఎక్కడిది? అదే మోడల్ రెండో నంబరు పక్కనే ఉందిగా. దాని పాస్‌వర్డ్ బావకూ తెలియదు. మోడ్ బటన్ నొక్కిపట్టి ప్లగ్గు పెట్టి, బూట్ లోడర్‌లో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు పేరు మార్చి బూట్ చేస్తే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చింది. వీలాన్ ఒకటికి (స్విచ్‌లో మామూలుగా ఉండే నెట్‌వర్క్‌కు) ఐపీ చిరునామా ఇచ్చి, ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు అందుకునే టీఎఫ్‌టీపీ నడిపి, ఫైలు దించుకున్నాను. ఎనిమిదిన్నర ఎంబీ.

దాన్ని ఒకటో నంబరుకు కన్సోల్ తీగ మీదుగా ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైలు పంపే పద్ధతితో పంపాలి. బద్ధకంతో 9600లోనే మొదలుపెట్టాను. సెకనుకు 960 బైట్లు, అంటే రెండున్నర గంటలు. రెండు గంటలు నడిచాక మా వీధి కరెంటు పోయింది. ఈసారి నిజంగానే పోయింది. ఎవరిని తిట్టాలో తెలియక భోంచేశాను.

రెండోసారి బుద్ధిగా బాడ్ (తీగ వేగం) విలువను 115200 చేసి, ల్యాప్‌టాప్‌లోనూ మార్చి, స్విచ్‌ను ఇన్వర్టర్ మీద పెట్టి పంపాను. పావుగంట దాటి కొద్దిసేపట్లో అయిపోయింది. ఫైలు సైజు బైట్లతో సహా రెండింట్లో సరిపోల్చాక బాడ్ విలువను తీసేయడం మరిచిపోకండి, లేదంటే మళ్లీసారి ఆ పిచ్చి గీతలు చూసి నాలాగే కంగారుపడతారు.

బూట్ అని కొట్టాను. చుక్కలు గుర్తులు తెర మీద పరుగెత్తి, సిస్ట్ దీపం మిణుకుమని నిలబడింది.

ఇప్పటికి మూడు రోజులుగా ఆపకుండా నడుస్తోంది. ఒక్కో పోర్టుకూ ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే 24లో మూడు పలకలేదు, మూడూ పక్కపక్కనే. మిల్లులో బయటి కెమెరాల తీగలు ఏ పోర్టుల్లో పెట్టేవారో బావను అడగాలి, పిడుగు దెబ్బేమోనని అనుమానం. అందాకా వాటికి ఇన్సులేషన్ టేపు అంటించాను. ఖర్చు: కెపాసిటర్లకు తొంభై, బస్సుకే ఎక్కువైంది.