నడిమి గడి

గత నెలలో ఉద్యోగరీత్యా ఒక వ్యక్తిత్వ ప్రశ్నావళి నింపవలసి వచ్చింది. ప్రతి వాక్యానికి ఎదురుగా 'అస్సలు ఒప్పుకోను' మొదలు 'పూర్తిగా ఒప్పుకుంటాను' వరకు ఐదు గడులు, వాటి నడుమ 'తటస్థం'. ముగించి వెనక్కి చూసుకుంటే నా టిక్కుల్లో సగానికి పైగా ఆ నడిమి గడిలోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ అక్కడికెలా చేరిందో ఆరా తీశాను.

'నాకు త్వరగా కోపం వస్తుంది' అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఆఫీసులో నా కోపాన్ని చూసినవారు లేరు. ఇంట్లోనైతే మంచినీళ్ల సీసాకు మూత పెట్టకపోయినా వస్తుంది. రెండూ కలిపి సగం చేసి నడిమి గడిలో పెట్టాను. 'కొత్త ఆలోచనలు నన్ను ఆకర్షిస్తాయి' అన్నచోట, ఏ ఆలోచనల గురించి అడుగుతున్నారో తెలియక పెట్టాను. 'ఇతరులు పైకి వస్తే అసూయ కలుగుతుంది' అన్నదానికి మాత్రం జవాబు తెలిసే పెట్టాను. జీతమిచ్చేవారికి ఆ నిజం చెప్పేంత అమాయకుణ్ణి కాను. చివరి పేజీలో వరుసగా పడిన టిక్కులకు కారణం ఆకలి. లెక్కగట్టేటప్పుడు ఈ నాలుగింటి విలువా ఒక్కటే: మూడు.

ఐదు గడుల ఈ పద్ధతి 1932లో అమెరికన్ మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ ప్రచురించిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల కోసం మనస్తత్వవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ రూపొందించిన ప్రశ్నావళిలో అవును, కాదు తప్ప మూడో దారి లేదు. ప్రశ్న ఏదైనా సరే ఒకే తీరున జవాబిచ్చే అలవాటు కొందరికి ఉంటుందని, అది ఫలితాలను కలుషితం చేస్తుందని మరో మనస్తత్వవేత్త లీ క్రోన్‌బాక్ 1946లోనే హెచ్చరించాడు. 1995లో వెలువడిన ఒక పరిశోధనలో జపాన్, తైవాన్ విద్యార్థులు అమెరికా, కెనడా విద్యార్థుల కంటే నడిమి గడిని ఎక్కువగా ఎంచుకున్నారు. 'ఎలా ఉన్నారు?' అంటే 'పర్వాలేదండీ' అనడానికి అలవాటుపడిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మాత్రం మరొకటి. అన్నిటికీ తటస్థమని రాస్తే సగటు మనిషిగా తేలుతామని నేను అనుకునేవాణ్ణి. 1992లో మనస్తత్వవేత్తలు కోస్టా, మెక్‌క్రే వెలువరించిన ప్రసిద్ధ వ్యక్తిత్వ ప్రశ్నావళిలో 240 వాక్యాలుంటాయి. ఐదు ప్రధాన గుణాలలో ఒక్కొక్కదానికి 48 వాక్యాలు, ఒక్కొక్క వాక్యానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. అన్నిటికీ నడిమి గడే ఎంచుకున్నవాడికి ప్రతి గుణంలోనూ 192కి 96 వస్తాయి. అయితే కొలిచేది ఆ 96ను కాదు, ఇతరుల మార్కులతో పోలిస్తే అది ఎక్కడ నిలుస్తుందన్నది. జనం సాధారణంగా తమను తాము బాధ్యత గలవారిగా, మంచివారిగా, పెద్దగా ఆందోళన లేనివారిగా గుర్తించుకుంటారు. కనుక ఏ పక్షమూ వహించని మనిషి ఆ నివేదికలో శ్రద్ధ తక్కువవాడుగా, ఆందోళన ఎక్కువవాడుగా కనిపిస్తాడు!

నడిమి గడిని తీసేసి నాలుగే ఇస్తే సరిపోతుందని కొందరంటారు. అప్పుడు నా కోపం ఇంటికో ఆఫీసుకో చెందక తప్పదు, నేను వేసే టిక్కు ఆ రోజు సీసాకు మూత పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. దానికంటే 'ఈ వాక్యం నాకు అర్థం కాలేదు', 'చెప్పదలచుకోలేదు' అన్న గడులను వరుసకు వెలుపల విడిగా పెట్టడం మేలు. కొత్త ఆలోచనల టిక్కు మొదటి దానిలోకి, అసూయది బహుశా రెండో దానిలోకి వెళ్లిపోయేవి. కోపం టిక్కును మాత్రం నేను ఉన్నచోటే ఉంచేవాణ్ణి.